మూడో ముడి మా వదినది

మా అత్తగారింట్లో మగ్గం గుంతలో మగవాళ్లు కూర్చుంటారు, రాట్నం ముందర ఆడవాళ్లు కూర్చుంటారు. ప్రొద్దుటూరులో మా వీధంతా అంతే. గుంతలో దిగినవాడు నేస్తాడు, అరుగు మీద కూర్చున్నది నూలును కండెలకు చుడుతుంది. మా వదిన మగబిడ్డగా పుట్టింది. కాస్త ఊహ తెలియగానే గుంతలోంచి లేచి వచ్చి రాట్నం ముందర కూర్చుంది. మా మామ కొట్టి దింపేవాడట, ఆమె మళ్లీ ఎక్కి వచ్చేదట. చివరికి ఆయన చేతులే నొప్పి పుట్టి ఊరుకున్నాడు.

నేను దువ్వూరు నుంచి కోడలిగా వచ్చేనాటికి మామ లేడు. వదిన చీర కట్టుకుని, జడ వేసుకుని, రాట్నం తిప్పుతూ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా మా తమ్ముని పెండ్లాము? కండెలు చుట్టను వస్తాదా?" అని అడిగింది. రాదన్నాను. "అయితే ఈడ కూర్చో" అని పక్కకు జరిగింది.

మొగుని అక్క నాకు వదిన. అంతకు మించి ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. వీధిలోవాళ్లకు ఉండేది. ముసలివాళ్లు పేడి అనేవాళ్లు. పిల్లలు ఆడంగి అని అరిచి పరిగెత్తేవాళ్లు. సంతలో కొజ్జా అనేవాళ్లు, పక్కవీధి సాయిబులు హిజ్డా అనేవాళ్లు. బడిపంతులొకాయన నపుంసకుడు అని పుస్తకంలో మాట వాడి, తానేదో మర్యాద చేసినట్టు చూశాడు. ఎవరేమన్నా వదిన రాట్నం ఆపేది కాదు. ఇప్పుడు నా మనవరాలు అవేవీ అనకూడదు, ట్రాన్స్‌జెండర్ అనాలి అంటోంది. తిట్టు లేని మాట వచ్చిందంటే సంతోషమే. కానీ ఆ మాట వచ్చేదాకా మేము చేతులు కట్టుకుని కూర్చోలేదు. అది చెప్పడానికే ఈ కాగితం ఖర్చు చేస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మా చిన్న మరిదికి జమ్మలమడుగు సంబంధం కుదిరింది. మా వైపు తాళికి రెండు ముళ్లు పెండ్లికొడుకు వేస్తే, మూడోది అతని అక్కో చెల్లెలో వేయాలి. మరిదికి ఉన్న ఆడతోబుట్టువు వదిన ఒక్కతే. ఎత్తుకుని తిప్పి పెంచింది కూడా ఆమే.

పెండ్లికి ముందు పిల్ల మేనమామ పులివెందుల నుంచి వచ్చాడు. బట్టల వ్యాపారి. అరుగు మీద కూర్చుని, రాట్నం వైపు చూడకుండా మా అత్తతో మాట్లాడాడు. పీటల దగ్గరికి వేరే ఎవరైనా ఆడపిల్లను పంపమన్నాడు. ఆ మనిషి వస్తే తమకు తలవంపులన్నాడు. అత్త అప్పటికే తల ఊపుతోంది. రాట్నం ఆగిపోయింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఒకరి మాటకు అది ఆగడం అదే మొదలు.

నేను నీళ్ల మజ్జిగ తెచ్చి ఆయన ముందర పెట్టి అన్నాను. "ఏమన్నా, పెండ్లికొడుకుకు అక్క ఉండంగా ఇంగొకరి బిడ్డను బాడిగకు తెచ్చేదేంది?"

"అక్క యాడుందమ్మా? ఆడ నాకు కొజ్జా కనపడతాండాది."

"నీకేం కావాల్నో ఆ పేరు పులివెందులలో పెట్టుకో. ఈ ఇంట్లో ఆమె ఆడబిడ్డ. మూడో ముడి ఆమెది."

ఆయన మజ్జిగ తాగకుండా లేచిపోయాడు. సంబంధం చెడితే నీదే పాపం అని అత్త నన్ను తిట్టింది. మా ఆయన మగ్గం ఆపలేదు, నాకు అడ్డమూ చెప్పలేదు. వదిన మాత్రం పెండ్లికి రానని కూర్చుంది. అందరూ నవ్వుతారంది.

"నవ్వనీ. పెండ్లికొచ్చినోళ్లు నవ్వక ఏడుస్తారా?" అని, పెట్టెలోంచి నా పెండ్లి పట్టుచీర తీసి ఆమె ఒళ్లో వేశాను. కొత్తది కొనే మాటే లేదు. ఉన్నది పెట్టెలో మురుగుతుంటే కొత్తదెందుకు?

అందరం బస్సెక్కి జమ్మలమడుగు చేరాం. పెండ్లినాడు పొద్దున పిల్లకు జడ వేస్తుంటే నేను గదిలోకి పోయి వదిన సంగతి, మేనమామ అన్న మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పిల్ల తల వంచుకుని విన్నది.

గట్టిమేళం మొదలైంది. మరిది రెండు ముళ్లు వేసి ఆగాడు, దారం కొసలు వదలలేదు. మేనమామ పట్టుపావడ కట్టించి సిద్ధంగా ఉంచిన వాళ్లింటి చిన్నపిల్లను ముందుకు తోశాడు. మరిది తల అడ్డంగా ఊపాడు. వదిన నా వెనక నిలబడి నా కొంగు పట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టి లాగాను. మేనమామ అడ్డం వచ్చాడు. ముళ్లు పూర్తయ్యేదాకా మేళం ఆపకూడదు కదా, నాదస్వరం ఊదే ఆయన బుగ్గలు పగిలేటట్టున్నాయి. అందరి చేతుల్లో అక్షింతలు చెమటకు తడిసిపోతున్నాయి.

అప్పుడు పీటల మీద నుంచి పెండ్లికూతురు, వంచిన తల ఎత్తకుండానే అంది.

"వదినా, మెడ నొప్పి పెడతాంది. బిన్నా వచ్చి ముడి వేయి."

ఆ పిల్ల నోటితోనే వదినా అన్నాక మేనమామకు అడ్డం నిలబడే వీలు లేకపోయింది. పక్కకు జరిగాడు. వదిన వంగి మూడో ముడి వేసింది. అక్షింతలు పడ్డాయి. వెనక వరసలో ఎవరో నవ్వారు, నేను తిరిగి చూసేసరికి ఆపారు.

కొన్ని నెలలకు కొత్త పసుపుతాడు మార్చాలని పిల్ల తల్లి, ఆ మేనమామ మా ఇంటికి వచ్చారు. మరిది వేసిన రెండు ముళ్లు గోటితోనే ఊడి వచ్చాయి. మూడోది రాలేదు. అది తెగిన నూలు పోగులను అతికేటప్పుడు వేసే ముడి, రాట్నం దగ్గర బతికిన వేళ్లు వేసింది. తాళికి కత్తెర పెట్టకూడదు. పిల్ల తల్లి ఎంతసేపు కష్టపడినా కాలేదు.

అరుగు మీద కూర్చున్న మేనమామ విసుక్కున్నాడు. "ఎంతసేపు పీకుతారమ్మా, ఆ ఆడబిడ్డనే పిలవండి."

వదిన వచ్చి రెండు వేళ్లతో ముడి విప్పి, "మా తమ్మునికి మగ్గం గుంతలో కూర్చోనే రాదు, ఇంగ ముళ్లేం వస్తాయి" అని మళ్లీ రాట్నం దగ్గరికి పోయింది.

ఆ పూట ఆయన మజ్జిగలో నీళ్లు కొంచెం తక్కువ పోశాను.