ఏటికి అడ్డంగా మా మోకు

నా చిన్నప్పుడు మా పెదనాయన ఒకే పగటిపూట నన్ను మళ్ళీ మళ్ళీ చిన్నబుచ్చాడు. అది కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నేను మిగిలాను కాబట్టి ఆ సంగతి నేనే చెప్పాలి. ఒంట్లో ఓపిక తగ్గింది. నిన్న తిన్న కూర ఏమిటంటే గుర్తు రాదు. ఆ రోజు మాత్రం కాలిలో విరిగిన ముల్లులా అలాగే ఉంది. తీసుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక పల్లె. కర్నూలు కొత్తగా రాజధాని అయిందని పెద్దవాళ్ళు చెప్పుకునే రోజులవి. ఊరి పక్కన ఏరు, ఏరు దాటితే గుట్టలు. గుట్టలంటే మట్టి తక్కువ, రాయి ఎక్కువ. ఇంటింత బండలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంటాయి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. వానలు వెనకబట్టే వేళకు ఆ కాయలు కళ్ళు విచ్చుకుంటాయి. సరిగ్గా అప్పుడే ఏరు నడుముదాకా పారుతూ ఉంటుంది. వంతెన లేదు, ఎక్కి దాటడానికి పుట్టి లేదు. కాయ కావాలంటే ఏట్లో దిగాలి, తర్వాత బండ ఎక్కాలి.

అందుకని మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఆ రోజుల్లో బావుల నుంచి ఎద్దులతో తోలు బానలు లాగి మడికి నీళ్ళు పెట్టేవాళ్ళు. దాన్ని కపిల అంటారు. ఆ బాన లాగే లావుపాటి తాడు మోకు. వానలు పడితే కపిలకు పని లేదు, మోకులు ఖాళీగా పడి ఉంటాయి. అప్పుడు ఇంటికొక మోకు తెచ్చి, ఒకదానికొకటి ముడేసి, ఈ దరిన ఒక గుండురాయికీ ఆ దరిన కానుగ చెట్టుకూ బిగించి ఏటికి అడ్డంగా కట్టేవాళ్ళు. పండ్లకాలం అయిపోయేదాకా దాన్ని పట్టుకునే దాటడం. మోకు ఇచ్చిన ఇంటివాళ్ళు ముందు దాటాలి, ఇవ్వనివాళ్ళు చివర దాటాలి. ముందు పోయినవాళ్ళకు చేతికందే కాయలు దొరుకుతాయి. చివర పోయినవాళ్ళకు ఎక్కలేని బండల మీదవి మిగులుతాయి.

మోకులు చూసి ఒప్పుకునే పెద్దరికం మా పెదనాయనది. ఆయన మా నాయనకు సొంత అన్న. భాగాలు పంచుకున్నప్పుడు గట్టు మీది వేపచెట్టు దగ్గర మాటా మాటా పెరిగి, అప్పటికి రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. పైగా అంతకు ముందు ఏడు మా నాయన బండ మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టినా అది వంకరగానే అతికింది. సేద్యం సాగక మంచంలోనే ఉన్నాడు. అమ్మకు నెలలు నిండుతున్నాయి, ఏట్లో దిగడానికి లేదు. ఆ పండ్లు బండిలో ఆదోనికి పోతేనే మా ఇంటికి జొన్నలు వచ్చేది. కాబట్టి ఆ ఏడు మా ఇంటి తరఫున దాటాల్సినదాన్ని నేనే. నాకు అప్పుడు పదకొండేళ్ళు.

మా మోకు అమ్మ నెత్తిన పెట్టుకుని ఏటికి తెచ్చింది. పైకి బాగానే కనిపించేది, నాయన ఏటేటా దానికి ఆముదం పట్టించేవాడు. పెదనాయన అందరి మోకులూ చూసినట్టే దాన్నీ తీసుకుని, మెలి తిప్పి, పురులు విడదీసి లోపలికి చూశాడు. లోపల నార నల్లబడి పొడిపొడిగా రాలింది. ఆయన ఒక్క మాట కూడా మెల్లగా చెప్పలేదు. ఊరంతా చూస్తుండగా దాన్ని పక్కకు విసిరేశాడు.

"ఇది పనికిరాదు," అన్నాడు.

పక్కింటి అక్క ఊరుకుందా? "దూడకు కట్టుకోండి పాపా. అది గూడా తెంపుకొని పోతాదేమో," అంది. నలుగురూ నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంట్లో మంచం మీదున్న మనిషికి ముందే చెప్పి పంపితే ఏం పోయేది? ఈ మాట నేను ఇప్పటికీ అడుగుతాను.

మేము చివరివాళ్ళమయ్యాం. అందరూ దాటేదాకా ఎండలో నిలబడ్డాం. ఆయన నడి ఏట్లో నిలబడి ఒక్కొక్కరినీ దాటిస్తున్నాడు. నా వంతు వచ్చేసరికి అమ్మకు భయం పట్టుకుంది. ఆ విసిరేసిన మోకులోనే కాస్త గట్టిగా ఉన్న ముక్క చూసి కోసింది. ఒక కొస నా నడుముకు బిగించింది, రెండో కొస ఏటికి కట్టిన మోకు మీద ఉంగరంలా వేసి ముడేసింది. కాలు జారినా బిడ్డ కొట్టుకుపోదని ఆమె ఆశ. అది మా నాయన తాడు కూడాను. దానితో దాటితే మా ఇల్లు కూడా దాటినట్టేనని నేను అనుకున్నాను.

నీళ్ళు నా నడుముకు వచ్చేలోపే ఆయన ఎదురు వచ్చాడు. మొలలోని కొడవలి తీసి, ఏమీ అడగకుండా, నా నడుము దగ్గర తాడు కోసేశాడు.

గట్టు మీది నుంచి అమ్మ అంది: "మా మోకును పారేస్తివి, సరే. నా బిడ్డను ఏటికి ఇచ్చేదానికి ఇది గూడా కోస్తాండావా బావా?"

ఆయన కొడవలి మొలలో దోపుకున్నాడు. నా నెత్తిన ఉన్న గంప తీసుకున్నాడు. అందులో నా సద్ది మూట ఉంది, జొన్న రొట్టెలూ చెనక్కాయల పొడీ. ఆ తెగిన తాడు కొసను గంప చెవికి కట్టి, గంపను లాగుడు ఎక్కువున్న చోటికి వదిలాడు. తాడు నిడివి ఉన్నంతసేపు గంప తేలింది. తాడు బిగియగానే ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుని, నోరు నీళ్ళకు తిరిగి, నిండి, మునిగింది. మునిగింది మళ్ళీ లేవలేదు. నీళ్ళ అడుగున వణుకుతూనే ఉంది. దాని బరువుకు పెద్ద మోకు కూడా వంగి నీళ్ళను తాకింది. తర్వాత ఆయన ఆ తాడూ కోశాడు. కాసేపటికి గంప చాలా దూరాన పైకి తేలి, తిరిగి తిరిగి, మలుపులో ఇసుక మీదికి పోయి ఒరిగింది.

"కట్టుకున్నోళ్ళు ఏట్లోనే ఉంటారమ్మా. పట్టుకున్నోళ్ళు దాటుతారు," అన్నాడు అమ్మతో.

గంపను ఎవరో తెచ్చి ఆవలి దరిన పెట్టారు. రొట్టెలు మాత్రం ఏటి పాలయ్యాయి. చూపించదలుచుకుంటే ఆయన సొంత సద్ది కట్టి చూపించవచ్చు గదా. అది కూడా నేను మరిచిపోలేదు.

తర్వాత నన్ను మోకుకు దిగువ పక్కన నిలబెట్టాడు. ఎగువ పక్కన ఉంటే నీళ్ళు మనిషిని మోకు మీదికి నెట్టి కిందికి దూరుస్తాయి. దిగువన ఉంటే మోకు మన ముందు ఉంటుంది. ముఖం నీళ్ళకు ఎదురుగా పెట్టమన్నాడు. కాళ్ళు ఎత్తి వెయ్యవద్దు, అడుగున రాయిని తడుముతూ పక్కకు జరపమన్నాడు. ఒక చెయ్యి బిగిసిందని తెలిశాకే రెండోది వదలమన్నాడు. ఇదంతా కసురుతూనే చెప్పాడు.

నడి ఏట్లో నాచు పట్టిన రాయి మీద నా కాలు జారింది. రెండు కాళ్ళూ నా వెనక్కి తేలిపోయాయి. దండెం మీద ఆరేసిన గుడ్డలా చేతుల మీద వేలాడాను. నీళ్ళు నోట్లోకి వచ్చాయి. ఆయన నాకు దిగువన, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన చెయ్యి ఇవ్వలేదు.

"నా పక్క సూడొద్దు. సెయ్యి వదలొద్దు. కాలు వెతుక్కో," అన్నాడు.

వెతుక్కున్నాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక వేలు, తర్వాత మడమ, తర్వాత పాదం. రాయి దొరికింది. అక్కడి నుంచి దరిదాకా ఒక్కదాన్నే పోయాను. ఆయన నాకు దిగువనే, నాతో సమానంగా అడుగులు వేస్తూ వచ్చాడని కానుగ చెట్టు పట్టుకున్నాక చూశాను.

గుట్ట మీద అందే కాయలన్నీ అయిపోయాయి. నేను పై బండలకు ఎక్కాను. ఏట్లో చెప్పిందే అక్కడా పనికొచ్చింది. ఒక చెయ్యి నిలిచిందని తెలిశాకే రెండోది వదిలాను. ఎవరూ ముట్టని చెట్టు కాబట్టి కాయలు పెద్దవి, గంప నిండింది. మధ్యాహ్నం ఆయన సగం రొట్టె, దాని మీద పుండికూర, అదే గోంగూర, పెట్టి నా పక్కన బండ మీద ఉంచి పోయాడు. ఆకలి మీద తిన్నాను. కూరలో ఉప్పు తక్కువ.

సాయంత్రం మోకు పట్టుకునే తిరిగి వచ్చాను. గంపను ఆయనే నెత్తిన పెట్టుకుని దాటించాడు. ఇంటికి పోయి జరిగిందంతా నాయనకు చెప్పాను. పెదనాయన మీద కోప్పడతాడని ఎదురుచూశాను. నాయన ఇంటి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. తర్వాత, "లోపల నల్లబడిందా?" అని మాత్రం అడిగాడు.

ఆ చలికాలమంతా మా నాయన మంచం మీద కూర్చుని కిత్తలి నార తీసి పురి పెట్టాడు. నేను కొస పట్టుకుని తిప్పేదాన్ని. అరచేతులు బొబ్బలెక్కేవి. మరుసటి ఏడు మోకులు కట్టేనాటికి నాయన బండిలో ఏటి గట్టుకు వచ్చాడు. బండి దిగలేదు. పెదనాయన మా కొత్త మోకునూ అందరి ఎదుటా మెలి తిప్పి పురులు విప్పి చూశాడు, ఏమాత్రం మొహమాటపడకుండా. ఈసారి నార తెల్లగా ఉంది. బాగుందని అనలేదు. దాన్ని తీసుకుపోయి వరసలో సరిగ్గా నడుమన, ఏరు ఎక్కువ లాగే చోటికి వచ్చేలా ముడేశాడు. తర్వాత బండి వైపు తిరిగి, "రేయ్, పాపను ముందు దాటిస్తా," అన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా అన్నేళ్ళకు వచ్చిన మాట అదొక్కటే. నాయన తల ఊపాడు.

నడి ఏట్లో ముడి దాటగానే నా చేతికి మా మోకు తగిలింది. కొత్త నార గరుకు. అక్కడ నేను కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాను. ఆయన కసరలేదు.

పెదనాయనను నేను క్షమించానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ విసిరేయడం, ఆ రొట్టెలు, ఆ చెయ్యి ఇవ్వకపోవడం, అన్నీ అలాగే ఉన్నాయి. కానీ ఏ వస్తువునైనా, ఏ మనిషి మాటనైనా పురి విప్పి చూడకుండా నమ్మే అలవాటు నాకు రాలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. గడప దాటడానికి కూడా ఏరు దాటినంత అలసట. పడిపోతానని మనవరాలు నా నడుం చుట్టూ చెయ్యి వేసి బిగించి పట్టుకుంటుంది. వద్దంటాను, దానికి కోపం వస్తుంది. దిగువన నిలబడితే చాలని చెబుతాను. గోడ మీద ఒక చెయ్యి పెట్టి, అది నిలిచిందా అని చూసుకుంటాను. తర్వాతే రెండోది వదిలి, కాలు వెతుక్కుంటాను.