కొండలాయన

చలికాలంలో మాత్రమే నడిచే ఆ రైలు విహారానికెళ్ళేవాళ్ళని రాత్రికి రాత్రి కొండల్లోకి చేరుస్తుంది. అందులో ఒక పెట్టెలో దుప్పట్లిచ్చి, పక్కలు పరిచి, తెల్లవారాక అందర్నీ లేపడం కొండలాయన పని. అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో. అందరిలా తలుపులు బాదడు. ఉంగరంతో చిన్నగా తట్టి, ఇంటికి చుట్టాలొచ్చినట్టు, "కొండలొచ్చాయండీ" అంటాడు. ఆ మాట కోసమే జనం తన పెట్టెలో చోటు అడిగి మరీ తీసుకుంటారని అతని నమ్మకం. వాళ్ళల్లో మొదటిమనిషి, రిటైరైన ఒక పంతులమ్మ.

ఈ ఏడు పక్క పెట్టెలో సొంత తోడల్లుడు చేరాడు. మరదలి మొగుడు కదా అని పని దగ్గరుండి నేర్పింది కొండలాయనే. ఒకరోజు సాయంత్రం పంతులమ్మ చక్కా వెళ్ళి ఆ పెట్టె ఎక్కింది. పైగా కొత్తబ్బాయి అడక్కుండానే రెండో దిండు ఇచ్చాడని ఇతనికే చెప్పి మురిసిపోయింది. కొండలాయన నవ్వాడు గానీ, కడుపులో కుంపటి రాజుకుంది. రైల్లో వంటచేసే ఆయన వచ్చి దాన్ని ఇంకాస్త విసిరిపోయాడు. తోడల్లుడూ "కొండలొచ్చాయండీ" అనే లేపుతున్నాడట, గొంతు మరీ తియ్యగా ఉంటుందట.

ఇంక కునుకెక్కడిది? ఆ మాట వాడి నోటినుంచి పంతులమ్మ చెవిన పడకూడదు. కిటికీ తెల్లబడి, దూరంగా మంచు శిఖరం కనబడిందో లేదో, పక్క పెట్టెలోకి దూరి తలుపులన్నీ తట్టేశాడు. అందరూ కోట్లూ టోపీలూ తగిలించుకుని, సామాన్లతో నడవాలో బారులు తీరారు. రైలు నెమ్మదించింది. శిఖరం దగ్గరికొచ్చింది. తీరా చూస్తే, పట్టాల పక్కన పోసిన కంకర గుట్ట. దానిమీద మంచు, మంచులో ఒక పార.

పంతులమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఇదైతే నేనూ ఎక్కగలను నాయనా."

కళ్ళు నులుముకుంటూ తోడల్లుడొచ్చాడు. గుట్టనీ, కొండలాయన మొహాన్నీ చూసి సంగతి గ్రహించాడు. సూర్యోదయం చూపించాలని తనే లేపమన్నానంటూ జనానికి సర్దిచెప్పి, కాఫీలు తెచ్చి పోశాడు. ఆ మంచితనం కొండలాయనకి కంకరకంటే గట్టిగా గుచ్చుకుంది.

నిజం కొండలొచ్చేసరికి తోడల్లుడు అతన్ని మోచేత్తో పొడిచాడు. "అనండి అన్నయ్యా."

"నీకూ వచ్చుగా, నువ్వే అను."

"నేనంటే ఆవిడ ఒప్పుకోరు. మీ పెట్టెలో కింది బెర్తు దొరక్క ఇటొచ్చారట. పొద్దున లేపడానికి మాత్రం మిమ్మల్నే పిలవమని రాత్రే చెప్పారు."

కొండలాయన గొంతు సవరించుకుని, అద్దంమీద ఉంగరంతో తట్టి, "కొండలొచ్చాయండీ" అన్నాడు. నడవా అంతా గొల్లున నవ్వింది. పంతులమ్మ మాత్రం తృప్తిగా తలూపింది. అతని కడుపు చల్లబడింది, ఆమె వెనక బెర్తుమీద ఆ రెండో దిండు కనబడేదాకా.