మూడో నంబర్ ఐదో ఫౌల్

మా కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టుకు ఆరేళ్లుగా స్కోర్‌షీట్ రాసేది నేనే. నాకు ఆట రాదు, లెక్క వచ్చు. శనివారం ఉదయం మ్యాచ్‌లో ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో, ఎవరిపై ఎన్ని ఫౌళ్లు పడ్డాయో ముందు షీట్‌లో, ఇంటికి వచ్చాక డైరీలో రాసుకుంటాను.

ఆ డైరీలో ఒక పేజీ నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. మూడో నంబర్ చొక్కా వేసుకునే మా ఆటగాడిపై ఆ రోజు ఐదో ఫౌల్ పడింది. అంటే ఇక బయటికి వెళ్లవలసిందే.

"నేను ముట్టుకోనేలే సార్, జర మళ్ల చూడుండ్రి," అంటూ అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏ ఫౌల్ ఎవరిదో అన్నీ నాకు గుర్తుండవు. షీట్‌లో ఉన్నదే లెక్క," అన్నాడు రిఫరీ.

నేను తల ఎత్తలేదు. అతను పక్కనున్న కుర్చీని తన్ని వెళ్లిపోయాడు. సోమవారానికల్లా ఆఫీసు కబుర్లలో ఆ కుర్చీ కాస్తా రిఫరీ అయింది, అతన్నే కొట్టాడన్నారు. బుధవారానికి అతను తాగి వచ్చాడన్నారు. శుక్రవారం జట్టు నుంచి తీసేశారు.

మరుసటి వారం ఎవరో ఫోన్‌లో తీసిన ఆ మ్యాచ్ వీడియో జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అలవాటు కొద్దీ ఫౌళ్లు లెక్కపెట్టాను. ఆ చివరి ఫౌల్‌కు రిఫరీ ఒక చేత్తో ఐదు వేళ్లు, రెండో చేత్తో మూడు వేళ్లు చూపించాడు. ఎనిమిదో నంబర్. నేనేమో అప్పుడు ఆ క్వార్టర్ మొత్తాన్ని రెండోసారి సరిచూసుకుంటున్నాను. ఆలస్యంగా తల ఎత్తేసరికి మూడు వేళ్ల చెయ్యి ఒక్కటే మిగిలింది. నా తప్పును డైరీలో వివరంగా రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ముప్పై రెండు శనివారాలు గడిచాయి. అతను ఉన్న రోజుల్లో బంతి చప్పుడును బట్టే అది అతని చేతిలో ఉందని చెప్పగలిగేవాణ్ని. ఆ లయ మరెవరి చేతిలోనూ వినిపించలేదు. ఆట ముగిశాక చెమటతోనే నా పక్కన కూలబడి, "ఇంట్ల గూడ గిట్లనే గీతలు గీస్కొని అన్నం తింటరా సార్?" అని ఏడిపించేవాడు. ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని ఒంటరిగా ఎన్నిసార్లు నవ్వుకున్నానో, అది మాత్రం లెక్క రాయలేదు.

మొన్న నార్సింగిలో మ్యాచ్. ఎదుటి జట్టు అక్కడి అపార్ట్‌మెంట్లవాళ్లది. వాళ్ల చొక్కాలో అతను బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సగం ఆట అయినా దింపలేదు. విరామంలో వాళ్ల కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు.

"మీ పాత ఆటగాడేగా అండీ? బాగా ఆడతాడు, కాదనను. మళ్లీ ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటే పోటీల నుంచి మా జట్టునే తీసేస్తారండి. మీరైతే దింపుతారా?"

"అతను ఎవరినీ కొట్టలేదండి. ఆ ఫౌల్ కూడా అతనిది కాదు. తప్పు రాసింది నేను," అన్నాను. మా జట్టంతా వింటూనే ఉంది. అతనూ విన్నాడు.

మూడో క్వార్టర్‌లో దింపారు. అతని పాయింట్లు ఎదుటి జట్టు గడిలో రాశాను. మేము ఓడిపోయాం.

షీట్ మీద సంతకాలయ్యాక అతని దగ్గరికి వెళ్లాను. "మన జట్టులోకి మళ్లీ రా. నేను మాట్లాడతాను."

"గప్పుడు ఒక్క మాట చెప్తే అయిపోతుండె సార్," అన్నాడు మెల్లగా. "ఇగ నాకు వీళ్లున్నరు."

"అన్నా, టిఫిన్‌కు వస్తవా, ఈడనే ఉంటవా?" అని వాళ్లెవరో గేటు దగ్గర నుంచి అరిచారు. అతను నా భుజం తట్టి పరుగెత్తాడు. ఆ ముఖంలో కోపం కోసం వెతికాను, కనిపించలేదు. కాస్తయినా మిగిలి ఉంటే, వచ్చే శనివారం బతిమాలుకోవడానికి నాకు చోటుండేది.