దొర సాంపిల్, నా మాల్

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. నీలం నగర్‌లో మా సందు సందంతా అంతే. ఇంటి ముందు భాగంలో మనుషులు, వెనక షెడ్డులో సాంచాలు. కరెంటు మగ్గాలను మేం సాంచాలనే అంటాం. పొద్దున్నే మొదలైతే అవి ఆగేది వారపు సెలవునాడు, లేదంటే కరెంటు పోయినప్పుడు. ఆ హోరులో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి, హైదరాబాద్ బస్సులో అమ్మా నేనూ టిఫిన్ గురించి మాట్లాడుకుంటున్నా ముందు సీట్లవాళ్లు కొట్లాట అనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. షెడ్డులోనైతే గొంతు చించుకున్నా దండగే. అక్కడ అన్నీ చేతి సైగలే. నోటి దగ్గరికి బొటనవేలు తెస్తే చాయ్. బొటనవేలు, చూపుడువేలు కలిపి గాల్లో మెలిపెడితే పోగు తెగింది, చూసుకో అని. మా నాయిన ఆ సైగ అన్నం తింటూ కూడా చేస్తాడు, కూరలో ఉప్పు తగ్గితే.

అలాంటి ఇంట్లోకి నేను ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాను. పుణెలో ఎవరో వాయించి వదిలేసింది. దాంతోపాటు ఒక స్పీకరు డబ్బా, కాలితో తొక్కి శబ్దాన్ని మార్చే ఒక పెడలు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు వాయించాలని కాదు. నా పిచ్చి వేరు. పేరున్న రాక్ వాద్యకారుల గిటారు ఎలా పలుకుతుందో నాదీ అచ్చం అలాగే పలకాలి. పాట ఎవరైనా నేర్చుకుంటారు. నాకు కావలసింది ఆ నాదం.

ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పనే అది. వ్యాపారి ఎక్కడిదో ఒక టవల్ తెచ్చి బల్ల మీద పడేసి, "ఏక్‌దమ్ గిట్లనే కావాలె" అంటాడు. ఆ టవల్ సాంపిల్. దాన్ని చూసి మేం నేసేది మాల్. కంప్యూటర్ మీద డిజైన్ గీసేది నేనే. ముందు సాంపిల్ అంచు దగ్గర సూదితో పోగు పోగూ విప్పి, భూతద్దం కింద పెట్టి, ఏది దేని మీదుగా పోయిందో చూసుకోవాలి. అంతా అయ్యాక నాయిన కళ్లు మూసుకుని ఒక చేత్తో సాంపిల్‌ని, ఒక చేత్తో మాల్‌ని తడుముతాడు. తేడా తెలియకపోతే "పంపు" అంటాడు. తెలిస్తే ఏమంటాడో ఇక్కడ రాయడం కుదరదు.

నేను పట్టుకున్న సాంపిల్ ఒక ఇంగ్లీషు ముసలాయనది. మా ఇంట్లో అతనికి దొర అని పేరు పడింది. దొర గిటారు ముద్దగా, వెచ్చగా మొదలై, చివరికి సన్నగా సాగి ఏడుస్తుంది. డ్రమ్ములూ గొంతూ తీసేసి అతని గిటారు ఒక్కటే మిగిల్చిన ముక్క నెట్‌లో దొరికింది. దాన్ని ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని, సూది పట్టుకున్నట్టే కూర్చుని విప్పేదాన్ని. తీగ ఎంత లావు, మీటింది గట్టిగానా మెల్లగానా, నాదం ఎక్కడ చిట్లుతోంది, వెనక ఆ ప్రతిధ్వని ఎంత దూరం నుంచి వస్తోంది. మీటడానికి కొన్న ప్లాస్టిక్ ముక్క మరీ మెత్తగా ఉందని డిజైన్ కోసం మగ్గానికి తగిలించే చిల్లుల అట్ట, పాత జకార్డ్ అట్ట, కత్తిరించి వాడాను. ప్రతిధ్వని కోసం స్పీకరు డబ్బాను ఖాళీ రంగు తొట్టిలో దింపాను. పైకి తీసేసరికి డబ్బా కింది సగం గులాబీ రంగుకు మారింది. అమ్మ అది చూసి, "మస్తుగున్నది, దొరకు చీర గూడ కట్టు" అంది.

నేను వాయించేది షెడ్డు పక్కనున్న చిన్న గదిలో. ఒకప్పుడు నూలు మూటలు వేసేవాళ్లం, తర్వాత పాడుబెట్టాం. ఊడ్చి, గోడలకు పాత చద్దర్లు కొట్టి, దాన్ని నాది చేసుకున్నాను. ఈ లోకంలో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గదే. కంప్యూటరు నాయినది, మంచం అమ్మతో పంచుకున్నది. అందుకే అన్న ఒకనాడు కొలత టేపు పట్టుకుని ఆ గది గుమ్మంలో నిలబడితే నేను గిటారు పట్టుకునే లేచి నిలబడ్డాను.

"నాయినా, గోడ కొడితే రెండు రేపియర్ మగ్గాలు బరోబర్ కూసుంటయి ఈడ," అన్నాడు అన్న.

"మరి నేనేడ వాయించాలె?" అన్నాను.

"ఏం వాయిస్తున్నవే? మేకకు జలుబైనట్టు ఆ ఏడుపు!"

"అది దొర టోన్. అచ్చం అట్లనే వస్తున్నది. నీ చెవులకు ఎర్కైతలేదు."

ఆ 'అచ్చం' అన్న మాట దగ్గర నాయిన తలెత్తాడు. ఆ మాట మా ఇంట్లో ఊరికే వాడకూడదు.

"అచ్చం అంటున్నవా బిడ్డా? అయితే చూద్దాం. సెలవునాడు సాంపిల్ పెట్టు, నీ మాల్ పెట్టు. నేను కండ్లు మూసుకొని వింట. ఏది సాంపిల్, ఏది మాల్ నాకు ఎర్కగాలేదంటే రూమ్ నీది. ఎర్కైందంటే మగ్గాలు వస్తయి. మంజూరా?"

మంజూరే అన్నాను. నాకు భయమే వేయలేదు. ఆ వారమంతా మగ్గాల హోరు మధ్య కూర్చుని నాబ్‌లు తిప్పి తిప్పి, దొరను దించేశానని నా నమ్మకం.

సెలవునాడు నాయిన గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తల మీద టవల్ కప్పుకున్నాడు, అదీ ఎవరిదో సాంపిలే. మొబైలూ గిటారూ రెండూ ఆ గులాబీ డబ్బాలోంచే పలికేట్టు పెట్టాను. నేను తిప్పే నాబ్‌లు గిటారు మీదే పనిచేస్తాయి, మొబైలు పాటను ముట్టుకోవు. మొబైలు అన్న చేతిలో ఉంది. వాడు ముందు దొరను పెట్టాడు. తర్వాత నేను మీటాను.

మీటగానే నా పళ్లు జివ్వుమన్నాయి. రేకు మీద మేకుతో గీకినట్టు ఒక కీచుగొంతు. నేను వారమంతా విన్నది ఇది కాదు. టవల్ కింద నాయిన భుజాలు నవ్వుతో కదిలాయి.

"దొరకు పన్ను నొస్తున్నదా బిడ్డా?"

అన్న అప్పుడే టేపు విప్పాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం అంతకన్నా ఎక్కువొచ్చింది. ఎవరో నాబ్‌లు తిప్పారని అరిచాను. ఎవరూ తిప్పలేదు. నాయిన టవల్ తీసి, నా మొహం చూసి, నవ్వు ఆపేశాడు.

"దొరను ఏడ విన్నవ్?"

"ఇయర్‌ఫోన్స్‌ల."

"నీ గిటార్?"

"ఈడనే. సాంచాలు నడుస్తుంటే."

"ట్యూబ్‌లైట్ కింద రంగు చూసినవ్ నువ్వు," అన్నాడు నాయిన.

తల దించుకున్నాను. మా షెడ్డులో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. సాంపిల్‌ను ఎండలో చూసి, మాల్‌ను షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద చూసి రంగు కలిసిందంటే, ఆ మాల్ తిరిగొస్తుంది. ఆ తప్పు చేసినందుకు అన్నను నాయిన ఎన్నిసార్లు తిట్టాడో, ప్రతిసారీ నేను తలుపు చాటున ఎంత నవ్వానో. ఇప్పుడు నేనే చేశాను. దొరను నిశ్శబ్దంలో విని, నన్ను నేను హోరులో విన్నాను. హోరును దాటి వినిపించాలని కీచుదనం పెంచుతూ పోయాను.

"తిరిగొచ్చిన మాల్‌కు ఇంకో చాన్స్ ఇయ్యరా?" అన్నాను.

"ఇస్తరు. వచ్చే సెలవు దాంక," అన్నాడు నాయిన. అన్న టేపును చప్పుడు చేస్తూ చుట్టుకున్నాడు.

చాన్స్ దొరికింది కానీ నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? మా సాంచాలు ఆపినా పక్కింటివి ఆగవు. మళ్లీ సెలవు వచ్చేలోపు సందు మొత్తం నోరు మూసుకునేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే నా డబ్బా కూడా నోరు మూసుకుంటుంది. దేవుడు నాతో ఆడుకుంటున్నాడనిపించింది.

ఇంట్లో ఒక ఇన్వర్టర్ ఉంది. అది అమ్మ ఫ్యానుకూ అమ్మ సీరియల్‌కూ అంకితం. కాళ్లావేళ్లా పడ్డాను. "ఆ దొర కోసం నేను చెమటలు కక్కాల్నా?" అంది అమ్మ. చివరికి విసనకర్ర తెచ్చుకుని, సీరియల్‌లో అత్త చేతిలోని పాలగ్లాసులో ఏముందో తెలియకుండానే, ప్లగ్గు నాకు వదిలేసింది. ఆ త్యాగం గురించి ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

ఆ వారం ఎండలు మండిపోయాయి, కరెంటు కూడా నా మొర విన్నట్టు మాటిమాటికీ పోయింది. పోగానే సందంతా ఉసూరుమని గడపల మీదికి వచ్చేది, నేనొక్కదాన్నే ఎగిరి గంతేసి గదిలోకి పరిగెత్తేదాన్ని. నా చేతులు ఎలా పలుకుతాయో నాకు మొదటిసారి వినబడింది. సిగ్గేసింది. కీచు నాబ్‌ను దాదాపు మూసేశాను. గట్టిగా మీటడం మానేశాను. పెడలు తగ్గించి, గిటారు మీది వాల్యూమే కాస్త దించితే, దొర గొంతులోని ఆ వెచ్చదనం తనంతట తానే వచ్చి కూర్చుంది. ఆ రోజు అమ్మ విసనకర్ర ఆపి, "ఏ, గిప్పుడు మంచిగున్నది," అంది.

సాంచాలు ఆగితే నాయినకు కూడా పని ఉండదు. వచ్చి నా గది గడప మీద కూర్చునేవాడు. ఆ ముక్కలో ఒకచోట తీగను పైకి లాగి, ఏడిపించి, మెల్లగా కిందికి దించాలి. దించేటప్పుడు నా వేలు ప్రతిసారీ ఒక్క రవ్వ ముందే జారేది. దొర వేలు జారదు. జారినప్పుడల్లా గడప మీంచి నాయిన బొటనవేలు, చూపుడువేలు కలిపి మెలిపెట్టేవాడు. పోగు తెగింది. నాకు ఒళ్లు మండేది. "కనబడ్తున్నది నాయినా!" అని అరిచేదాన్ని. మళ్లీ మొదటినుంచి వాయించేదాన్ని, మళ్లీ అక్కడే జారేది, మళ్లీ ఆ రెండు వేళ్లు.

మళ్లీ సెలవు వచ్చింది. నాయిన మళ్లీ గోడవైపు తిరిగాడు, టవల్ కప్పుకున్నాడు. ఈసారి అమ్మ కూడా వచ్చి నిలబడింది, తన ఫ్యాను త్యాగం ఏమైందో చూసుకోవాలిగా. ఏది ముందో నాయినకు తెలియకూడదని అన్న నాకు సైగ చేశాడు. ముందు నేను.

మీటాను. నాదం ముద్దగా లేచింది. అన్న నోరు కొంచెం తెరుచుకోవడం చూశాను, ఆ సంతోషం ఎవరికీ చెప్పలేను. లాగాల్సిన చోట లాగాను. ఏడిపించాను. దించుతుంటే, చెమటకో భయానికో, వేలు జారింది. ఒక్క రవ్వే. అన్నకు తెలియలేదు, అమ్మకు అసలే తెలియలేదు.

మోకాలి మీదున్న నాయిన చేయి లేచింది. బొటనవేలు, చూపుడువేలు కలిసి మెలిపడ్డాయి. తల టవల్ కింద ఉన్నా చేతికి అలవాటు పోలేదు. మరుక్షణం ఆ చేయి గబుక్కున టవల్ కిందికి దూరి, గడ్డం గోక్కుంటున్నట్టు నటించింది. నేను పక్కన ఉన్నాను కాబట్టి చూశాను. వెనకున్న అన్న చూడలేదు. నా గది పోయిందని తెలిసిపోయింది.

అన్న దొరను పెట్టాడు. దొర ఎక్కడా జారకుండా పూర్తిచేశాడు.

నాయిన టవల్ తీయకుండానే చాలాసేపు ఆలోచించాడు, వ్యాపారి ముందు ఆలోచించినట్టే.

"మొదటిది సాంపిల్," అన్నాడు. "రెండోది మా బిడ్డది. మంచిగనే వాయించింది, గాని అసల్ అసలే గద."

"అరే! ఉల్టా చెప్పినవ్ నాయినా!" అని అన్న నెత్తి కొట్టుకున్నాడు.

"అవునా? ఏమోరా, ముసలి చెవులాయె," అని నాయిన టవల్ భుజాన వేసుకున్నాడు. "మాటంటే మాట. మగ్గాలు షెడ్డు వెనక రేకు ఏసుకొని పెట్టుకో." నావైపు చూడకుండా చాయ్‌కి వెళ్లిపోయాడు.

సాంపిల్‌కూ మాల్‌కూ మధ్య ఒక్క పోగు తేడా ఉన్నా జీవితంలో వదలని మనిషి. వ్యాపారులు బతిమాలినా వదలని మనిషి. ఆ మనిషి నా కోసం అబద్ధమాడాడు, అదీ తన పని విషయంలో. గది దక్కినందుకు ఎగిరి గంతేయాల్సింది పోయి, గిటారు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. అమ్మ గెలుపు సంబరం అనుకుని, "అయితే నా ప్లగ్గు నాకు ఇయ్యి," అంది.

మర్నాడు సాంచాలు మళ్లీ హోరెత్తాయి. షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. అవతలి చివర నాయిన నన్ను చూశాడు. నేను చేయెత్తి, బొటనవేలు, చూపుడువేలు కలిపి, మెల్లగా మెలిపెట్టాను.

నాయిన చక్కగా నడుస్తున్న సాంచా మీదికి వంగి, ఎక్కడా తెగని పోగు కోసం చాలాసేపు వెతికాడు.