హెర్ట్జుల పెట్టె, గంగమ్మత్త తాడు

మా గంగమ్మత్త ఎవరికీ లొంగే రకం కాదు. అలాంటి మనిషి గోడకు బిగించిన చిన్న పెట్టె ముందు దిక్కుతోచక నిలబడిపోయింది.

మామ వేటకి సముద్రం మీదికి పోతే, అత్త కొబ్బరి పీచుతాళ్లు పేనేది. ఒడిలో పీచు పెట్టుకుని, రాట్నం తిరుగుతుంటే వెనక్కి నడుస్తూ తాడు పేనడమే ఆమె చదువు, ఉద్యోగం. చేతి రాట్నం పోయి మోటారు రాట్నం వచ్చినా ఆ నడక మారలేదు. రాట్నం మా మహిళా సంఘానికి సర్కారు ఇచ్చినది. తాడుకి పురి సరిగ్గా పడకపోతే రాట్నాన్ని కంచిలి అవతల ఇంకో ఊరికి ఇచ్చేస్తామని సంఘాలు చూసే అధికారి కబురు పెట్టాడు. అది పోతే అత్తకి చేతులు విరిగినట్టే.

వచ్చిన చిక్కల్లా మోటారు వేగం పెంచి తగ్గించే ఆ పెట్టెతోనే. పాతది కాలిపోయింది. దాంట్లో ఏడువందల ఇరవై కనపడితే చాలు, నిమిషానికి చక్రం తిరిగే చుట్లవి. కొత్త దాంట్లో అంకెలు యాభైతో ఆఖరు. బిగించినవాడు "పాత స్పీడే పెట్టుకోండి" అనేసి తన దారిన తాను పోయాడు.

"ఏడొందల ఇరవై ఇందులోన యాడుందే?" అంది అత్త.

టెక్కలిలో లెక్కలు చెప్పి రిటైరైన నాగభూషణం మాస్టారు మా వీధిలోనే ఉంటారు. లెక్క ఉందంటే పిలవకపోయినా వస్తారు. "ఇది హెర్ట్జుల్లో చూపిస్తుంది గంగమ్మా. సెకనుకి ఎన్నిసార్లని. అరవైతో భాగిస్తే పన్నెండు" అన్నారు. అత్త కూతురు జ్యోత్స్న ఫోనులో లెక్కేసింది. పన్నెండే వచ్చింది. ఇద్దరూ ఒకటే చెప్పాక ఇంకేం అనుమానం?

పన్నెండు పెడితే చక్రం నిద్దరోతున్నట్టు తిరిగింది. పట్టుకుంటే తాడు పీచుపీచుగా విడిపోయింది.

"నెమ్మదిగా నడవత్తా, పురి ఎక్కుతుంది" అన్నాను.

"నడుత్తన్నానే. కాళ్లు నా మాట ఇంటన్నాయేటి?"

మాస్టారు మళ్లీ భాగించారు. మళ్లీ పన్నెండే. నాకు నవ్వు రావాల్సింది, భయం వేసింది. ఆ అయోమయంలో ఉండగానే రాట్నం ఎక్కించుకుపోదామని అధికారి వ్యాను వేసుకుని దిగాడు.

మాస్టారు కంగారుగా పలాసలో మోటార్లు బాగుచేసే తన పాత శిష్యుడు చిరంజీవికి ఫోన్ చేశారు.

"మాస్టారండీ, ఆ అంకె కరెంటుది. సక్రానిది కాదు" అన్నాడతను. "ఈ మోటారులో నాలుగు పోళ్లు, అయస్కాంతం కొసల్లాంటివి. కరెంటు రెండుసార్లు ఊగితే సక్రం ఒకసారి తిరుగుద్ది. ఇరవై నాలుగు, ఆ పైన రవ్వంత పెట్టండి."

"నాలుగు పోళ్లయితే రెండుసార్లేమిట్రా?"

"పోళ్లు జంటల్లెక్కండి, నాలుగంటే రెండు జంటలు" అని అతను పెట్టేశాడు.

అత్త మీటని ఇరవై నాలుగు దాటించి రవ్వంత పైకి తిప్పింది. చక్రం పాత హోరు అందుకుంది, అత్త వెనక్కి నడిచింది. అధికారి ఆ తాడుని కాలితో తొక్కిపట్టి గుంజాడు. తెగలేదు, విడలేదు.

"బాగానే ఉంది. కానీ ఇరవై నాలుగే ఎందుకు పెట్టారు? యంత్రం సంగతి తెలియనివాళ్ల దగ్గర ఎలా వదలను?" అన్నాడు.

అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "నాకు తెల్దు బాబూ. మాస్టారికీ తెల్దు. మీకు తెలిత్తే సెప్పీసి రాట్నం అట్టుకెళ్లిపోండి."

అధికారి పెట్టె మీది అంకె చూసి వేళ్ల మీద లెక్కేసి, "పన్నెండు కదా రావాలి" అని గొణిగాడు. తర్వాత మాస్టారి వంక చూశాడు. ఆ తర్వాత డ్రైవర్ని పిలిచి, ఖాళీ వ్యాను వెనక్కి తిప్పమన్నాడు.