జీపుకు గాలి పట్టింది

మా కాలంలో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. కానీ చేతికి గ్రీజు అంటిన ఆ మొదటి ఏడాదిని తలుచుకుంటే మాత్రం, అది ఎవరో వేరే పిల్ల బతికిన కాలంలా అనిపిస్తుంది. ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు. పదో నంబరు పానా చేతికిస్తే లోకంలో బిగుసుకుపోయిన నట్లన్నీ తానే విప్పేస్తానని ధీమా. (ఆ ధీమాను మొదటి వారంలోనే ఒక లారీ చక్రం తీర్చేసింది. నట్టు కదల్లేదు గానీ నా భుజం కదిలింది.) అయినా ఆ పిల్లను తిట్టబుద్ధి కాదు. సరదా పడి చేరిన చదువు కాదది.

మాది భద్రాచలం దాటి అడవిలోకి ముప్పై కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు. నాయినకు ఒక పాత డీజిల్ జీపు ఉండేది. అంగడి రోజున దానిలో కూర్చున్నవాళ్ళకంటే దానికి వేలాడేవాళ్ళే ఎక్కువ. నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. మంగళవారం, శనివారం భద్రాచలం దవాఖానాలో డయాలసిస్. ఒక్క రోజు తప్పిందంటే కాళ్ళు ఉబ్బేవి, ఊపిరి అందేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లారబెట్టేది. మా ఊరి బస్సుకు బుద్ధి పుడితేనే వస్తుంది కాబట్టి అమ్మ ప్రాణమంతా ఆ జీపు మీదే ఉండేది. జీపు ప్రాణం మాత్రం ఎప్పుడు ఎక్కడ పోతుందో తెలిసేది కాదు. ఒక వానాకాలం మంగళవారం అది టేకు చెట్ల మధ్య ఆగిపోతే, ఎరువుల ట్రాక్టర్ ఒకటి దొరికి, అమ్మను బస్తాల మీద కూర్చోబెట్టి టార్పాలిన్ కప్పి తీసుకుపోయాం. ఆ టార్పాలిన్ కిందనుంచి అమ్మ, "బస్తాలకు తాడు కట్టినవ్, నాకు కట్టవా అన్నా? అవి జారితేనే నష్టమా?" అని ట్రాక్టర్ డ్రైవర్‌ను అడిగింది. అందరం నవ్వాం. నవ్వుతూనే నేను ఒకటి గట్టిగా అనుకున్నాను: అమ్మ ఉన్నప్పుడు ఈ జీపు ఇంకోసారి ఆగకూడదు.

అట్లా డిగ్రీ మానేసి ఖమ్మంలో ఐటిఐకి పోయాను. మోటార్ మెకానిక్ ట్రేడ్ అంటే కిటికీ వెనకాయన తల ఎత్తకుండానే, "కుట్టుపని లైను అటు పక్కమ్మా" అన్నాడు. "బండికి కుట్లు వేసే పనే సార్ నాకు కావాల్సింది" అని గట్టి జవాబు చెప్పాను. అంటే, ఆ జవాబు హాస్టల్‌కు పోయి అన్నం తింటుంటే తోచింది. అక్కడ మాత్రం "అవ్ సార్" అని ఆ కుట్టుపని లైన్లో పావుగంట నిలబడ్డాను.

క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. మా సారు మాత్రం చెయ్యి ఎవరిదని చూసేవాడు కాదు, చేతికి నల్లరంగు అంటిందా లేదా అనే చూసేవాడు. డీజిల్ లైను పాఠం రోజున ఆయన ఒక రబ్బరు పైపు పైకెత్తి, "డీజిల్ బయటికి కారితే కనిపిస్తది. గాలి లోపటికి దూరితే ఎవనికీ కనిపించది. ఇంజిన్ ఆగినంకనే తెలుస్తది" అన్నాడు. దాన్నే మా పనిలో గాలి పట్టడం అంటారు. స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయేదాకా ఆ గాలిని బయటికి తోలడం గాలి తీయడం. ఆ రెండు మాటలూ నోటికి వచ్చాక నాకు సగం మెకానిక్‌నైపోయినట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడే నాయిన ఫోన్ చేశాడు. "బండి స్టార్ట్ అయితదే. కొంచెం దూరం పోయి ఆగుతది. పంపు కొడితే మళ్ళ నడుస్తది. ఏందో సమజైతలేదు. ఎల్లుండి అమ్మను తీస్కపోవాలె."

నేను గొంతు సవరించుకుని, డాక్టర్ రోగం పేరు చెప్పినట్టు చెప్పాను. "దానికి గాలి పట్టింది నాయినా. ఎక్కడ పట్టిందో ముందుగాల చూడు. గాలి తియ్యాలె."

ఆ రోజుల్లో నాయిన ఫోన్ స్పీకర్‌లో పెడితేనే వినిపించేది. వాకిట్లో చింతపండు పిక్క తీస్తున్న నాయనమ్మ చెవిన ఈ మాట పడింది. ఇంకేముంది! "నేనేమన్న? పొద్దుగూకేటప్పుడు ఆ వాగు కాడ ఆపకురా అయ్యా అంటే విన్నవా? పట్టింది సూడు!"

"అది ఆ గాలి కాదే అమ్మా..."

"గాలంటే గాలే! సదువుకున్న పిల్లే చెప్పవట్టె, నడుమ నీదేంది? ఎక్కడ పట్టిందో చూపియ్ నాకు."

నాయిన విసుగెత్తి బానెట్ లేపి, ట్యాంకు నుంచి పంపుకు పోయే రబ్బరు పైపు మీద వేలు పెట్టాడట. అంతే.

వారం తర్వాత శుక్రవారం సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి జీపు ముందు భాగానికి పసుపు బొట్లు, అద్దానికి వేపమండ, అద్దం వెనక ఎండు మిరపకాయల దండ ఉన్నాయి. పెళ్ళికి సిద్ధమైనదో, పెళ్ళి తప్పిపోయినదో తెలియకుండా ఉంది. బానెట్ ఎత్తితే ఆ పైపు అతుకు దగ్గర ఆముదంలో నానిన పసుపు దారం. ఏడు చుట్లు, ఏడు ముళ్ళు. ముళ్ళ మీద కుంకుమ.

"నాయనమ్మా! రబ్బరు పైపుకు తాయెత్తు కట్టినవా?"

"కట్టిన. కట్టినకాడికెల్లి ఒక్కపారి ఆగలే. మీ నాయినను అడుగు."

నాయిన తల గోక్కుంటూ, "నడుస్తున్నది గదనే. ఉండనియ్ పో" అన్నాడు.

ఉండనిస్తే నేను చదువుకున్నదాన్ని ఎట్లా అవుతాను? "గిది సైన్స్ నాయినా" అని, కత్తెర తెచ్చి దారం కోసి అవతల పారేశాను. పైపుకున్న పాత క్లిప్ స్క్రూను నాలుగు చుట్లు తిప్పాను. అది ఎంతకీ తిరుగుతూనే ఉంది. తిరుగుతోంది కాబట్టి బిగుస్తోందనుకున్నాను. చేతి పంపు కొట్టి గాలి తీసి, చేతులు తుడుచుకుని చుట్టూ చూశాను, చప్పట్లు కొడతారేమోనని. నాయనమ్మ దారం ముక్కలు ఏరుకుంటూ, "నీ సైన్సు బొంద" అని లోపలికి పోయింది. మంచం మీదనుంచి అమ్మ, "పొద్దుగాల తెలుస్తదిలే, ఎవల సైన్సు గెలుస్తదో" అంది.

తెలిసింది. శనివారం పొద్దున ఊరు దాటి పది కిలోమీటర్లు పోయాక, అటూ ఇటూ మనిషన్నవాడు లేని చోట జీపు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నేను దిగి గాలి తీశాను. ఒక ఫర్లాంగు పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ తీశాను. మళ్ళీ ఆగింది. వెనక సీట్లో దిండుకు ఆనుకుని అమ్మ. మంగళవారం నుంచి నాలుగు రోజుల నీరు ఒంట్లో నిండి, పాదాలు చెప్పుల్లో పట్టక ఉత్తకాళ్ళతో ఉంది. మాటమాటకూ మధ్య ఒక ఊపిరి తీసుకుంటోంది. నాయిన స్టీరింగ్ పట్టుకుని రోడ్డు కేసే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

నాకేం చెయ్యాలో తోచక రేడియేటర్‌లో నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. (దానికీ, ఆ రోగానికీ ఏ సంబంధమూ లేదు. చేతులు ఊరికే ఉండలేక.) అమ్మ అది చూస్తూ, "దానికి... డబ్బా డబ్బా పోస్తున్నవ్. నాకొక్క గుక్క... పొయ్యవే" అంది. అమ్మకు రోజంతటికీ రెండు గ్లాసులే నీళ్ళు. నేను నీళ్ళ డబ్బా మూత తడిపి అమ్మ పెదవులకు అద్దాను. అమ్మ నాలుకతో ఆ తడిని వెతుక్కుంది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

"ఏడ్వకు. ఆ దారం ఉంటే నడుస్తుండెనా?"

అవునని ఒప్పుకోవడానికి నాకు చాలా బలం కావాల్సి వచ్చింది. తలూపాను.

"మరి ఇంకో దారం కట్టు."

ఎక్కడిది? నా చున్నీ మందం. జడ రబ్బరు బ్యాండు చుట్టబోతే పుటుక్కుమంది. నాయిన సీటు కింద తాడు కోసం వెతికితే ఇసుక వచ్చింది. అంతలో అమ్మ చీరె కుచ్చిళ్ళ దగ్గర చెయ్యిపెట్టి ఏదో తంటాలు పడుతూ, "మీరు అటు తిరుగుర్రి" అని నాయినతో అంది. నాయిన అటు తిరిగాడు. అమ్మ ముడి విప్పి, సర్రున లాగి, నా చేతిలో పెట్టింది. లంగా బొందె.

"సైన్సు బొంద అన్నది గదా... మీ నాయనమ్మ. గదే అయింది. బొందెకాడికొచ్చింది" అని అమ్మ నవ్వింది. నవ్వుకు ఊపిరి చాలక దగ్గు వచ్చింది. దగ్గుతూ కూడా నవ్వింది. అటు తిరిగిన నాయిన భుజాలు కదలడం చూశాను. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనకనుంచి తెలియలేదు.

పైపు అతుకు మీద ఆ బొందెను బలమంతా పెట్టి ఏడు చుట్లు చుట్టి ముడివేశాను. (ఎనిమిది చుట్టడానికి ధైర్యం చాలలేదు.) గాలి తీశాను. జీపు కదిలింది. ఒక ఫర్లాంగు. రెండు. ఒక మైలు. బొందె కట్టు మీద భద్రాచలం దాకా పోయాం.

దవాఖానా మెట్ల మీద అమ్మ ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో చీరెతో సహా లంగాను పట్టుకుని నడుస్తుంటే, ఎదురొచ్చిన సిస్టర్ కంగారుపడి, "ఏమైందమ్మా, కడుపులో నొస్తున్నదా?" అంది.

"లేదు సిస్టరమ్మా. నా బొందె జీపుకు కట్టిన."

సిస్టర్ నా వైపు చూసింది, రోగం తలకు కూడా ఎక్కిందా అన్నట్టు. నేను నా నల్లటి చేతులు చూపించి, మెకానిక్‌నని చెప్పాను. దానితో ఆమె అనుమానం ఇంకా పెరిగింది. తర్వాత ఒక పిన్నీసు తెచ్చిచ్చింది.

అమ్మ మిషన్ మీద ఉన్న ఆ నాలుగు గంటల్లో నేను స్పేర్ పార్ట్స్ షాపుకు పోయి కొత్త పైపు, కొత్త క్లిప్పులు తెచ్చి, దవాఖానా ఆవరణలో జీపు కింద పడుకుని బిగించాను. ఈసారి స్క్రూ కొంత తిరిగి, ఇక తిరగనని మొండికేసింది. బిగువు అంటే అదని అప్పుడు చేతికి తెలిసింది. సాయంత్రం బొందె తిరిగి ఇస్తే అమ్మ ముక్కు మూసుకుని, "డీజిల్ కంపు. కట్టుకుంటే నేను గుడ అరవై స్పీడు మీద పోతనేమో" అంది.

సోమవారం సారుకు సంగతంతా చెప్పాను. బొందెను మాత్రం మర్యాద కోసం తాడు అన్నాను. ఆయన అంతా విని, "క్లిప్ పళ్ళు అరిగితే ఎంత తిప్పినా తిరుగుతనే ఉంటదమ్మా. మరి మీ నాయనమ్మ ఏ బ్యాచ్?" అని అడిగాడు. జీపు గాలి తీయబోయి నా గాలి తీయించుకున్నానని హాస్టల్‌లో చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ తర్వాత జీపు ఆగలేదు. నెలకోసారి పోయి పైపులు తడిమి, ఫిల్టర్ మార్చి, నాయనమ్మ బొట్ల జోలికి పోకుండా తుడిచి వచ్చేదాన్ని. మంగళవారాలు, శనివారాలు వరసగా గడిచాయి. ఎండలు ముదిరాక ఒక గురువారం మధ్యాహ్నం అమ్మ రెండు ముద్దలు తిని, అలసటగా ఉందని ఒరిగింది. మళ్ళీ లేవలేదు. దవాఖానాకు పోవాల్సిన రోజు కాదది. ఎక్కించడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. జీపు వాకిట్లోనే ఉంది. ట్యాంకులో డీజిల్ ఉంది. లైన్లో గాలి లేదు. నేను ఖమ్మంలో ఎవరిదో ఇంజిన్ విప్పుతున్నాను.

దినాలన్నీ అయ్యాక వచ్చిన శనివారం పొద్దున, ఎప్పటి వేళకే నాయిన జీపు కడిగి స్టార్ట్ చేశాడు. చేసి, ఎక్కి కూర్చున్నాడు. "ఎటు పోతవురా అయ్యా?" అంది నాయనమ్మ గడపలోనుంచి. నేను పోయి పక్కన కూర్చున్నాను. వెనక సీటు వైపు ఇద్దరమూ చూడలేదు. టేకు చెట్లు వచ్చాయి, పోయాయి. పది కిలోమీటర్లు దాటాక నాయిన, "ఇంజిన్ మంచిగ కొడుతున్నదే బిడ్డా" అన్నాడు.

"అవ్ నాయినా."

ఇప్పుడు నేను ఖమ్మంలో ఒక సర్వీస్ సెంటర్‌లో రోజుకు పది బండ్లు చూస్తాను. బానెట్ ఎత్తితే, వచ్చినవాళ్ళు నా భుజం మీదుగా అసలు మెకానిక్ కోసం వెతుకుతారు. అలవాటైపోయింది, నవ్వుకుంటాను. అసలు నవ్వు మాత్రం ఆ శనివారం నాయిన పక్కన కూర్చున్న పిల్లను తలుచుకుంటే వస్తుంది. జీపు ఆగకూడదని చదువుకున్న పిల్ల, తన చేతులతో అంత బాగా చేసిన జీపులో కూర్చుని, భద్రాచలం దాకా దారిపొడుగునా ఒక్కటే మొక్కుకుంది: ఇది ఎక్కడైనా ఒక్కసారి ఆగితే బాగుండును, దిగి చేసుకోవడానికి ఏదో ఒక పని దొరుకుతుంది.

ఆగలేదు.