ఆటోకూ స్ట్రెచర్‌కూ నడుమ

కరోనా తగ్గిన మరుసటేడు, వానలు మొదలయ్యే ముందుగల, నన్ను కాన్పుల వార్డు నుంచి క్యాజువాలిటీకి మార్చిన్రు. నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దిక్కు వచ్చే గల్లీలల్ల ఒకదాంట్ల ఉంటది మా ఆస్పత్రి. ప్రైవేటుది, నాలుగంతస్తులది. పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క ఆస్పత్రిదే తప్పనుకోని మిగిలినోళ్ళు హాయిగ పండుకుంటరు.

కాయితం మీద నా హోదా సీనియర్ అటెండెంట్. పిలుపుల మాత్రం ఆయా బాలమణి. ఆయా పనంటే ఊడ్చుడు, తుడుచుడు అనుకుంటరు చాన మంది. క్యాజువాలిటీల అది సగం పనే. మిగతా సగం మనుషులను ఎత్తుడు. బండి మీద నుంచి స్ట్రెచర్ మీదికి, స్ట్రెచర్ మీద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి ఎక్స్‌రే బల్ల మీదికి. డాక్టరు చూస్తడు, సిస్టరు సూదిమందు ఇస్తది, మేము ఎత్తుతం. దెబ్బ తాకిన మనిషి మీద అందరికంటె ముందు పడేది మా చెయ్యి, అందరికంటె ఎక్కువ సార్లు పడేదీ మా చెయ్యే.

ఆ డిపార్ట్‌మెంటుల మూడు నెలలకోసారి ట్రామా క్లాసు పెడుతుండిరి. యాక్సిడెంట్లయి, మీదికెల్లి పడి వచ్చినోళ్ళకు ఏది ముందు చెయ్యాలె, ఏది ఎనక చెయ్యాలె అని. చెప్పేది మహేందర్ సార్, ఎమర్జెన్సీ డాక్టరు. వైద్యం మారుకుంట పోతది కాబట్టి చదువుకున్నోళ్ళు గూడ మళ్ళ మళ్ళ చదువుకోవాలె అంటుండె. మంచిగ చెప్తుండె, అబద్ధమెందుకు. డాక్టర్లు, సిస్టర్లు, టెక్నీషియన్లు కుర్చీలల్ల కూసుంటరు. మేము కూసోము. మాకు అండ్ల రెండు పనులు. ఒకరు చాయ్, సమోసలు పంచాలె. ఒకరు పేషెంటు కావాలె.

పేషెంటు పనికి రబ్బరు బొమ్మ ఒకటి కొన్నరు. ఖరాబైతదని సూపరింటెండెంట్ సార్ రూముల అల్మారల పెట్టి తాళమేసిన్రు. బొమ్మ ఖరాబైతది గని ఆయా కాదు గద. అందుకని బల్ల మీద నేను పండుకునేదాన్ని.

వాళ్ళు నేర్చుకునేదాంట్ల అన్నిటికంటె ముఖ్యమైంది మనిషిని దొర్లిచ్చుడు. మెడ ఎముక ఇరిగిందేమో అని అనుమానం ఉంటే మనిషిని ఒక్కడు తిప్పకూడదు, నలుగురు కావాలె. ఒకరు తలకాడ నిలబడి రెండు చేతులతోని తల కదలకుంట పట్టుకోవాలె. ఒకరు భుజం, ఒకరు నడుము, ఒకరు కాళ్ళు. లెక్క పెట్టేది తలకాడ ఉన్నోళ్ళే. వాళ్ళు మూడు అన్నంకనే అందరు ఒక్కసారి తిప్పాలె, మొద్దును దొర్లిచ్చినట్టు. ముక్కు, బొడ్డు ఒక్క గీత మీద ఉండాలె. ఎనిమిది క్లాసులల్ల నన్ను దొర్లిచ్చిన్రు. పైనున్నోళ్ళకు తెల్వనిది కింద పండుకున్నోళ్ళకు తెలుస్తది. ఎవరు మూడు అనకముందే గుంజుతరో, ఎవరి చెయ్యి నడుము కాడ వదులైతదో నాకు ఎరుకే. నన్నెవరూ అడగలే. బల్ల మీది మనిషి మాట్లాడకూడదు.

ఇక్కడ నా తప్పు గూడ చెప్పాలె. నేను అక్షరాలు నేర్చింది నలభై రెండేండ్లకు, కవాడిగూడల మా బస్తీ టీచరమ్మ కాడ. తెలుగు చదువుత. ఇంగ్లీషు రాదు. అంతకుముందు అన్నిటికీ వేలిముద్రనే. సంతకం వచ్చినంక ఎవరే కాయితం పెట్టినా పెన్ను అడుక్కోని మరీ పెట్టేదాన్ని. అండ్ల ఏమున్నదని అడిగేదాన్ని కాదు. అడిగితే చదువు రాదని తెలిసిపోతదని సిగ్గు.

ఎనిమిదో క్లాసు అయిపోయినంక హెచ్.ఆర్. మేడం కాయితం పట్టుకోని వచ్చింది. తనిఖీకి వచ్చేటోళ్ళకు చూపెట్టనీకి పేర్లు తక్కువ పడుతున్నయట. స్ట్రెచర్ తోసే యాదయ్య చాయ్ గ్లాసులు ఏరుతున్నడు. యాదయ్య నాకంటె పదిహేనేండ్లు చిన్న, అంబర్‌పేట నుంచి సైకిల్ మీద వస్తుండె, ఆరేండ్ల సర్వీసు. ఇంట్ల సంపాదన ఆయనదొక్కటే.

"యాదయ్యా, నువ్వొక సంతకం పెట్టు."

"దేనికి మేడం?"

"ఉన్నవు గదా ఇక్కడ? ఉన్నట్టే పెట్టు."

"సమోసలు ఎన్ని తెచ్చిన్నో గూడ రాయాల్నా?" అని నవ్వుకుంట పెట్టిండు. నేను బల్ల మీద నుంచి లేచి, చీర సదురుకోని, ఆయన పేరు కింద నా పేరు రాసిన.

నెల తిరగకముందే కుర్మయ్య వచ్చిండు. పాలమూరు దిక్కు మనిషి, సెంట్రింగ్ పని. అశోక్‌నగర్ల కోచింగ్ పిల్లల హాస్టళ్ళ మీద అంతస్తు మీద అంతస్తు ఏస్తనే ఉంటరు. అసుంటి బిల్డింగు కాడ రెండో స్లాబు మీద కట్టె జారి కింద పడ్డడు. పొద్దుగాల పదకొండు గొడుతుండె. తోటోళ్ళు ఆటోల ఇద్దరి నడుమ కూసోబెట్టి, తల బామ్మర్ది భుజం మీద ఏసి తోల్కొచ్చిన్రు. వాళ్ళను అనేదేమున్నది? ఆదుర్దాల ఎవరైనా అట్లనే తెస్తరు.

ఆటో ర్యాంపు మీదికి వచ్చింది. నేను అద్దాల తలుపు లోపల ట్రాలీ తుడుస్తున్న. యాదయ్య స్ట్రెచర్ తీసుకపోయిండు. ఆరేండ్ల నుంచి ఎట్ల దించుతున్నడో అట్లనే దించిండు. చంకల కింద చేతులేసి ఆయన, మోకాళ్ళ కింద పట్టి ఆటో డ్రైవరు. తల ఎవరూ పట్టలే. అది ఎనకకు వాలింది. "తల పట్టురి" అని ఒర్రుకుంట ఉరికిన. నేను పొయ్యేసరికి మనిషి స్ట్రెచర్ మీద ఉన్నడు. రెండు చేతులతోని తల పట్టుకున్న.

కుర్మయ్య కండ్లు తెరిచి నా దిక్కు చూసిండు. "అక్కా, నా కాళ్ళు గీడనే ఉన్నయా?" అన్నడు.

"ఉన్నయి తమ్మీ, ఊకో" అన్న.

లోపలికి పోయినంక జరిగింది చూస్తే ఎవరైనా మెచ్చుకుంటరు. మెడకు పట్టీ, తలకాడ ఒక డాక్టరు, ఇంకో ముగ్గురు మనుషులు, లెక్క, వీపు కిందికి గట్టి పలక బోర్డు. ఒక్క చెయ్యి తప్పు పడలే. అద్దాల తలుపుకు ఇవతల క్లాసు చదివిన చేతులు, అవతల ఎవరూ ఏం చెప్పని చేతులు. మనిషి మాత్రం ఒక్కడే.

స్కానింగుల మెడ ఎముక ఇరిగి నరం నలిగినట్టు తేలింది. కాళ్ళు పడిపోయినయి, చేతులల్ల బలం లేదు. నరం పడ్డప్పుడే నలిగిందా, ఆటోలనా, ర్యాంపు మీదనా, చెప్పుడు ఎవరి తరం కాదని మహేందర్ సార్ ఇంటోళ్ళ ముందట ఉన్నదున్నట్టు చెప్పిండు. బామ్మర్ది ఒప్పుకోలే. ఆటోల నొప్పికి కాళ్ళు ఆడిచ్చిండు, నా కాలు తొక్కిండు, నేను అబద్ధం చెప్తనా అన్నడు. కుర్మయ్య పెండ్లాం బుచ్చమ్మ, పనికాడోళ్ళు అందరు వచ్చి గేటు కాడ కూసున్నరు. పెద్దోళ్ళకు భయం పట్టింది. భయపడ్డ పెద్దోళ్ళు ముందుగల చేసేది చిన్నోణ్ణి ఎతుకుడు.

మూడో రోజు యాదయ్యకు ఇంగ్లీషుల మెమో ఇచ్చిన్రు. క్యాజువాలిటీల మాతోని చేసే సుగుణ సిస్టర్ మాకు చదివి చెప్పింది. శిక్షణ తీసుకున్న ఉద్యోగివై ఉండి పద్ధతి తప్పి పేషెంటును దించినవు, నిన్ను నౌకరిల నుంచి ఎందుకు తీసెయ్యకూడదు అని అండ్ల ఉన్నది. సాక్ష్యం కింద ఆ సంతకాల కాయితం నకలు జోడిచ్చిన్రు. పైన పెద్ద అక్షరాలల్ల ఏమున్నదని అడిగిన. మెడకు, ఎన్నుపూసకు దెబ్బ తాకిన పేషెంట్లను కదిలిచ్చుడుల శిక్షణ పూర్తి చేసినోళ్ళు అని ఉన్నదట.

యాదయ్య కాయితం దిక్కు చూసుకుంట, "నేను చదువుకున్న అని రాసిన్రు అక్కా. మా నాయన ఉంటే సంబరపడేటోడు" అన్నడు. సుగుణ సిస్టర్ నవ్వబోయి ఊకున్నది.

విచారణ సూపరింటెండెంట్ రూముల పెట్టిన్రు. ఆ బొమ్మ ఉన్న అల్మార పక్కపొంటి. సూపరింటెండెంట్ సార్, హెచ్.ఆర్. మేడం, మహేందర్ సార్ కూసున్నరు. యాదయ్యను గోడ కాడ నిలబెట్టిన్రు. నన్ను కండ్లతోని చూసిన సాక్షిగ పిలిచిన్రు. నా నోటి నుంచి వాళ్ళకు ఏం కావాల్నో సూపరింటెండెంట్ సార్ మొదటి మాటలనే తెలిసిపోయింది.

"తల పట్టుమని నువ్వు ఒర్రినవట గదా? అంటే నీకు తెలుసు. ఒకే క్లాసుల ఇద్దరు సంతకం పెట్టిన్రు. అతనికి గూడ తెలుసన్నట్టే గదా?"

"నాకు తెలుసు సార్. నేను బల్ల మీద పండుకున్న. ఆయన చాయ్ పోస్తున్నడు" అన్న.

"అడిగినదానికే చెప్పు, బాలమణీ."

"అదే చెప్తున్న సార్. సంతకం పెట్టినోళ్ళందరికి వచ్చినట్టయితే నన్ను అడుగురి, ఆయనను గూడ అడుగురి. ఎవరు నేర్చుకున్నరో మీకే తెలుస్తది."

మహేందర్ సార్ అడిగిండు. నేను నలుగురి చేతులు ఏడ పెట్టాల్నో, లెక్క ఎవరిదో, ఎందుకో చెప్పిన. మధ్యల ఆపలే ఆయన. యాదయ్యను అడిగితే, "నాకు అంత తెల్వదు సార్. చాయ్‌ల చక్కెర ఎవరికి వద్దో తెలుసు" అన్నడు. పరాచికానికి అనలే. నిజంగనే ఆయనకు ఆ క్లాసుల తెలిసింది అదే.

హెచ్.ఆర్. మేడం అన్నది, "సంతకం పెట్టేటప్పుడు చదువుకోవాలె గదా?"

ఇరవయ్యారేండ్లు ఆ ఆస్పత్రిల పెద్దోళ్ళ ముందట గొంతు లేపలే నేను. ఆ దినం లేపిన. "ఇంగ్లీషు రానోళ్ళ ముందట ఇంగ్లీషు కాయితం పెట్టిన్రు. పెట్టు అన్నరు, పెట్టినం. చదివి చెప్పలే. ఇయ్యాల అదే కాయితం తెచ్చి ఆయన మెడకు కడుతున్రు. మీకు తనిఖీకి పేర్లు తక్కువ పడ్డప్పుడు మేము టీము. క్లాసుల కుర్చీలు ఏసేటప్పుడు కాము" అన్న. సూపరింటెండెంట్ సార్ బల్ల మీద చెయ్యి కొట్టి, మాట జాగ్రత్త అన్నడు. నేను ఆయన దిక్కు చూడలే. మహేందర్ సార్ దిక్కు తిరిగిన.

"సార్, మీరు మంచిగ చెప్తరు. ఒక్కటి చెప్పురి. ఆటోల కూసున్న మనిషిని, మెడ ఇరిగిందో లేదో తెల్వదు, ఎట్ల దించాలె? ఎనిమిది సార్లు మీ బల్ల మీద పండుకున్న. ఒక్కసారన్న నన్ను ఆటోల కూసోబెట్టలే. మన దగ్గరికి సగం మంది ఆటోలనే వస్తరు. మీ క్లాసు బల్ల కాడ మొదలైతది."

ఆయన కుర్చీ నా దిక్కు తిప్పిండు. "నేను చెప్పలేదు. నేను ఎప్పుడూ దించలేదు, నాకే సరిగ్గ తెల్వదు" అన్నడు. ఆ మాటను రాయురి అని హెచ్.ఆర్. మేడంకు చెప్పిండు. ఆమె సూపరింటెండెంట్ సార్ దిక్కు చూసింది. మహేందర్ సార్ కాయితం తన దిక్కు గుంజుకోని తనే రాసి సంతకం పెట్టిండు. ఆ నాలుగు లైన్లు లేకుంటే యాదయ్య ఆ సాయంత్రమే ఇంటికి పోయేటోడు.

నౌకరి ఉన్నది. గని క్యాజువాలిటీ నుంచి తీసి బట్టలు ఉతికే సెక్షన్ల ఏసిన్రు. శిక్ష కాదు, మార్పు మాత్రమే అన్నరు. నాకు నోటి దురుసుకు మెమో వచ్చింది. దాన్ని సుగుణ సిస్టర్‌తోని మొత్తం చదివిచ్చుకున్నంకనే సంతకం పెట్టిన.

ఆ మరుసటి నెల మహేందర్ సార్ క్లాసు ర్యాంపు మీద పెట్టిండు. చౌరస్తా స్టాండు నుంచి ఒక ఆటోను పిలిచిన్రు. నన్ను ఎనక సీట్ల కూసోబెట్టిన్రు. సార్ బోర్డు పట్టుకోని వచ్చిండు, అది లోపలికి పోలే. కుడి పక్క కమ్మి అడ్డం. మూడు సార్లు తోసి చూసిండు. డ్రైవరు బీడీ పారేసి దగ్గరికొచ్చి, "సార్, ఆ కమ్మి ఊడొస్తది. రెండు బోల్టులే. పానా నా సీటు కిందనే ఉన్నది" అన్నడు. ఇన్నేండ్ల క్లాసులల్ల ఎవరికీ తెల్వని సంగతి అది. కమ్మి తీసినంక దారి దొరికింది. ఒకరు సీటు మీదికి ఎక్కి పక్కపొంటి కూసోని తల పట్టుకోవాలె, మెడకు పట్టీ ఆటోలనే పెట్టాలె, బోర్డు నడుము కిందికి జరపాలె, తలకాడోళ్ళ లెక్క మీదనే మనిషిని మెల్లగ తిప్పి దాని మీద పండబెట్టాలె. తల పట్టే పని ఆ దినం అటెండెంట్లందరితోని చేపిచ్చిండు. యాదయ్య బట్టల సెక్షన్ నుంచి వచ్చి దూరంగ నిలబడ్డడు. సార్ పిలిచి ఆయనతోని గూడ చేపిచ్చిండు.

అట్ల రెండే క్లాసులైనయి. గేటు ముందట ఆటోలు పెట్టి ఈ తమాషా ఏంది అని సూపరింటెండెంట్ సార్ బంద్ చేపిచ్చిండు. తనిఖీ ఫారంల ర్యాంపు క్లాసుకు గడి గూడ లేదట. గడి లేకుంటే పని లేదు. నేను రిటైరయ్యేనాటికి క్లాసు మళ్ళ బల్ల మీదికే వచ్చింది, కాకపోతే పండుకునే ఆయా మారింది.

కుర్మయ్యను ఊరికి తీసుకపోయే దినం బుచ్చమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, ముందుగలనే ఎవరన్న ఆయన తల పట్టుకుంటే కాళ్ళు ఉంటుండెనా?" అని అడిగింది.

"తెల్వదు చెల్లె" అన్న.

ఇప్పటికి గూడ తెల్వదు. ఎవరికీ తెల్వదు. పట్టుకోని ఉంటే కనీసం ఆమె ఆ మాట అడిగే పని ఉండకపోతుండె.

నేను నేర్చుకున్నది ఇది. దెబ్బ తాకిన మనిషి మీద మొదటి చెయ్యి ఎవరిది పడుతదో ముందుగల అది చూడాలె. ఆ చేతికి ముందు నేర్పాలె, వాళ్ళకు వచ్చిన భాషల, మనిషి వచ్చే కాడనే. డాక్టర్ల క్లాసు ఆ తర్వాత.